ముడి వేస్తే శిల్పం అవుతుందా? మృణాళిని ముఖర్జీ నార బొమ్మల చుట్టూ ఉన్న చిక్కు

దూరం నుంచి చూస్తే సింహాసనం మీద కూర్చున్న దేవతలా ఉంటుంది. నాలుగడుగులు దగ్గరికి వెళ్తే పెద్ద పువ్వులా, ఇంకో రెండడుగులు వేస్తే మడతలు పడిన శరీరంలా కనిపిస్తుంది. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వెళ్లాక మాత్రం అక్కడ ఉన్నది తాడు. రంగు అద్ది, పక్కపక్కనే వేల ముడులు వేసిన నార తాడు.

మృణాళిని ముఖర్జీ చేసిన శిల్పాల ముందు నిలబడితే జరిగేది ఇదే. లండన్‌లోని రాయల్ అకాడెమీలో 2025 అక్టోబర్ చివర నుంచి 2026 ఫిబ్రవరి దాకా ఆమె పనిని మధ్యలో పెట్టి, ఆమె చుట్టూ ఉన్న కళాకారుల పనితో కలిపి ఒక పెద్ద ప్రదర్శన నడిచింది. దాంతో ఆమె పేరు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఫొటోలు చూసినవాళ్లకు సహజంగా వచ్చే సందేహాలు రెండు. ఇది అల్లిక పని కదా, శిల్పం ఎలా అవుతుంది? నిజంగా అంత గొప్ప శిల్పి అయితే ఇన్నాళ్లూ మనకు పేరెందుకు తెలియలేదు?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే అని నాకనిపిస్తుంది.

ముందు పేర్ల గందరగోళం తీరాలి

భారతీయ శిల్పకళ గురించి చదవడం మొదలుపెడితే ముగ్గురు ముఖర్జీలు ఎదురవుతారు. ముగ్గురూ స్త్రీలు, ముగ్గురూ శిల్పులు. చాలామంది ఒకరి పని ఇంకొకరికి అంటగడతారు.

మీరా ముఖర్జీ (1923–1998) కంచు శిల్పి. జర్మనీలోని మ్యూనిక్‌లో చదువుకుని వచ్చి, బస్తర్‌లో ఆదివాసీ పోతపనివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల పద్ధతి నేర్చుకున్నారు. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్ తోటలో ఉన్న కళింగ యుద్ధం నాటి అశోకుడి నిలువెత్తు విగ్రహం ఆమెదే. మన కథలోని కుటుంబంతో ఆమెకు చుట్టరికం లేదు.

లీలా ముఖర్జీ 1916లో హైదరాబాద్‌లో పుట్టారు. మన హైదరాబాద్ కాదు, సింధ్‌లోని హైదరాబాద్. పెళ్లికి ముందు ఇంటిపేరు మన్సుఖాని. కొయ్యలోనూ కంచులోనూ చిన్న చిన్న ఆకారాలు చేసేవారు.

మృణాళిని ముఖర్జీ (1949–2015) ఆ లీల గారి కూతురు. నారతో, ఆ తర్వాత మట్టితో, చివరికి కంచుతో పనిచేశారు. ఈ వ్యాసం ఆమె గురించి.

పేరులో ఇంకో సరదా ఉంది. మృణాళం అంటే తామరతూడు. తూడును విరిచి మెల్లగా లాగితే సన్నని నారపోగులు సాగుతాయి, చిన్నప్పుడు చెరువుగట్టున ఆడుకున్నవాళ్లకు తెలుసు. నారతో పేరు తెచ్చుకున్న మనిషికి ఆ పేరు పెట్టడం యాదృచ్ఛికమే అయినా, సంస్కృతం వాసన తగిలిన తెలుగు చెవికి అది తట్టకుండా ఉండదు.

చూపు పోయిన చిత్రకారుడి ఇల్లు

మృణాళిని బొంబాయిలో పుట్టారు. తండ్రి వినోద్ బిహారి ముఖర్జీ శాంతినికేతన్ తరానికి చెందిన గొప్ప చిత్రకారుల్లో ఒకరు. అక్కడి హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తకవుల జీవితాలను ఆయన 1946–47లో భిత్తిచిత్రంగా వేశారు. ఆ పనిలో సాయపడినవాళ్లలో భార్య లీల, శిష్యుడు కె.జి. సుబ్రమణ్యన్ ఉన్నారు. ఈ సుబ్రమణ్యన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

వినోద్ బిహారికి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు. రెండో కంటి చూపు అంతంతమాత్రం. 1950ల మధ్యలో కంటికి ఆపరేషన్ అయ్యాక అదీ పోయింది. అయినా పని ఆపలేదు. కాగితాలు కత్తిరించి అంటించారు, మైనంతో బొమ్మలు చేశారు, 1972 ప్రాంతంలో శాంతినికేతన్ కళాభవన్ గోడకు సెరామిక్ పలకలతో పెద్ద భిత్తిచిత్రం చేశారు. ఆయన దగ్గర చదువుకున్న సత్యజిత్ రాయ్ అదే ఏడాది ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీశారు.

అంటే కూతురికి ఏడెనిమిదేళ్ల వయసు వచ్చేసరికి ఇంట్లో తండ్రి వేళ్లతో తడిమి బొమ్మలు చేస్తున్నారు, తల్లి కొయ్య చెక్కుతున్నారు. డెహ్రాడూన్‌లో తల్లి బడిలో కళ నేర్పేవారు. సెలవులొస్తే శాంతినికేతన్. ఒకపక్క హిమాలయాల కింద అడవి, చెట్లు, నాచు. ఇంకోపక్క శాంతినికేతన్ ఉన్న బీర్భూమ్ జిల్లా ఎర్రమట్టి నేల. తర్వాతి రోజుల్లో ఆమె శిల్పాల్లో ఆకులు, మొగ్గలు, వేళ్లు అంతగా కనబడటానికి ఈ బాల్యమే కారణమని విమర్శకులు రాస్తుంటారు. కొంత నిజమే. కానీ డెహ్రాడూన్‌లో పెరిగినవాళ్లందరూ నార శిల్పాలు చెయ్యరు. దానికి బరోడా కావాల్సొచ్చింది.

బరోడాలో దొరికిన తాడు

1965లో ఆమె బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో చేరారు. చదివింది పెయింటింగ్. డిగ్రీ అయ్యాక భిత్తిచిత్రాల డిజైన్‌లో పోస్ట్ డిప్లొమా. 1972 దాకా అక్కడే. శిల్పంలో మాత్రం ఆమెకు డిగ్రీ లేదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది.

అక్కడ ఆమె గురువు కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో వినోద్ బిహారి దగ్గర చదువుకున్న మనిషి. తండ్రి శిష్యుడు కూతురికి గురువయ్యాడన్నమాట. బరోడాలో పాఠాలు చెబుతూనే మధ్యలో రెండేళ్లు చేనేత బోర్డులో డిజైన్ పని చేసి వచ్చారు. బొమ్మలు చేస్తారు, గాజు మీద బొమ్మలు వేస్తారు, పిల్లలకు ఆటవస్తువులు చేస్తారు, తాళ్లతో కూడా పనిచేస్తారు. ఆయన దృష్టిలో కుమ్మరి, సాలె, చిత్రకారుడు ఒకే వీధిలో ఇళ్లున్నవాళ్లు.

ఇక్కడ రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవంతా వాటి దగ్గరే. మనం లలితకళ అంటున్నది చూసి ఆలోచించడానికి, అనుభవించడానికి చేసేది, కింద చేసినవాళ్ల సంతకం ఉండేది. హస్తకళ అంటున్నది వాడుకోవడానికో అలంకరించుకోవడానికో చేసేది, తరతరాలుగా ఒకే పద్ధతిలో సాగేది, చేసినవాళ్ల పేరుండనిది. ఒకటి గ్యాలరీకి వెళ్తుంది, ఇంకోటి ఎంపోరియానికి. ఈ విభజన మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన ఆర్ట్ స్కూళ్లు, మ్యూజియాలతో గట్టిపడింది. స్థపతికి, శిల్పికి, కంసాలికి అంతకుముందు వేరు వేరు పేర్లున్నాయి గానీ ఒకరిని కళాకారుడిగానూ ఇంకొకరిని కేవలం పనివాడిగానూ విడదీసే ఇలాంటి గోడ లేదు. శాంతినికేతన్ ఆ గోడను కూల్చాలని చూసింది, బరోడా ఆ ప్రయత్నాన్ని కొనసాగించింది.

ఆ వాతావరణంలో తాడు పట్టుకోవడం వింతేమీ కాదు. వింత ఏమిటంటే, మిగతావాళ్లు దాన్ని కొన్నాళ్లు పట్టుకుని వదిలేశారు. ఆమె దాదాపు ముప్పై ఏళ్లు వదల్లేదు.

ఏ నార?

మ్యూజియం లేబుళ్ల మీద 'హెంప్' అని ఉంటుంది. ఆ ఇంగ్లీషు మాట మన దేశంలో పెద్ద గోనెసంచి లాంటిది, అందులో ఏదైనా పడుతుంది. గంజాయి మొక్క నారా హెంపే, జనుము నారా హెంపే, గోగునారా ఒకరకం హెంపే. మన భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతైన గోగునారకు వ్యాపారంలో 'బిమ్లి జ్యూట్' అన్న పేరే స్థిరపడిపోయింది. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు 'నార తాడు' అంటే సరిపోతుంది. బజారులో దొరికే మామూలు సరుకు. మూటలు కట్టడానికి, మంచాలు అల్లడానికి వాడేలాంటిది. ఖరీదైన పాలరాయి కాదు, పట్టు కాదు.

ముడి చేసే పని

ఇప్పుడు అసలు విషయం. తాడును నిలబడే ఆకారంగా మార్చడం ఎలా?

అల్లికలో మగ్గం ఉంటుంది, లేదా సూదులుంటాయి. ఇక్కడ ఏమీ లేవు. రెండు చేతులు, పోగులు, అంతే. పైన ఒక కమ్మీకి తాళ్లు వరసగా వేలాడదీస్తారు. నాలుగేసి పోగులు ఒక జట్టు. మధ్యలో రెండు పోగులు నిటారుగా ఉంటే, అటూ ఇటూ ఉన్న రెండు పోగులు వాటి చుట్టూ తిరిగి ముడి పడతాయి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి వేస్తే బల్లపరుపుగా దిగుతుంది. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వేస్తే మొత్తం మెలితిరుగుతుంది. ఉట్టి కట్టినవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు.

తమాషా ఇక్కడే మొదలవుతుంది. దిగుతున్న వరసలో కొత్త పోగులు కలిపితే వెడల్పు పెరిగి అంచు కుచ్చిళ్లు పడుతుంది. అది రేకు. పోగులు తగ్గిస్తూ గట్టిగా బిగిస్తే లోపలికి వంగి దోసిలిలా అవుతుంది. అది మొగ్గ, లేదా గుహ. ముడి వదులుగా వేస్తే వేలాడుతుంది, బిగించి వేస్తే చెక్కలా గట్టిపడుతుంది. అంటే రాతిశిల్పి ఉలితో తీసేసే పనిని ఆమె పోగుల లెక్కతో, వేళ్ల బిగువుతో చేస్తున్నారు. పెద్ద శిల్పాలకు లోపల ఇనప చట్రం ఉంటుంది, అది ఎముకల గూడు. బరువు కొంత చట్రం మోస్తే, కొంత ముడే మోస్తుంది.

పని ఎంతో అంచనాకు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఆమె ఏ ఒక్క శిల్పానిదీ కాదు, నా లెక్క. రెండు మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పు ఉన్న బల్లపరుపు నార తెర కావాలి. తాడు మందం అయిదు మిల్లీమీటర్లు. నాలుగు పోగుల జట్టు సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు వస్తుందనుకుంటే మీటరుకు 50 జట్లు, అంటే 200 పోగులు. ముడి తాడును మింగేస్తుంది. మీటరు అల్లిక దిగాలంటే సగటున నాలుగు మీటర్ల పోగు పోతుంది. రెండు మీటర్లకు ఒక్కో పోగు ఎనిమిది మీటర్లు. మొత్తం 1,600 మీటర్లు. ముడి ఎత్తు రెండు సెంటీమీటర్లనుకుంటే జట్టుకు 100 ముడులు, మొత్తం 5,000. ముడికి ఒక నిమిషం చొప్పున ఆపకుండా వేస్తే 83 గంటలు.

ఇదంతా బల్లపరుపు తెరకే. ముందూ వెనకా, మడత లోపల మడత, చేతుల్లాంటివి, కిరీటం లాంటివి, ఇవన్నీ ఉన్న నిలువెత్తు శరీరానికి దీన్ని ఎన్ని రెట్లు చేసుకోవాలో మీరే ఊహించుకోండి. పురి విప్పడం, రంగు అద్దడం, ఆరబెట్టడం లెక్కలోకి రాలేదు. ఆమె ముందుగా కాగితం మీద బొమ్మ గీసుకునేవారు కాదు. ఆకారం చేతుల్లోనే తేలేది. బాగా రాకపోతే దిద్దడానికి రబ్బరుండదు, విప్పాలి.

యక్షి అని పేరు పెట్టి, యక్షిని చెయ్యకపోవడం

1972లో ఢిల్లీ శ్రీధరణి గ్యాలరీలో ఆమె మొదటి సోలో ప్రదర్శన జరిగింది. తొలి పనులు ఎక్కువగా గోడకు వేలాడేవి. 1978లో బ్రిటిష్ కౌన్సిల్ స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లోని ఫార్నమ్ వెళ్లి పనిచేశారు. స్కాలర్‌షిప్ వచ్చింది శిల్పానికి, డిగ్రీ ఉన్నది పెయింటింగ్‌లో. 1980లు వచ్చేసరికి ఆకారాలు గోడ వదిలి గది మధ్యలోకి వచ్చేశాయి. రుద్ర, దేవి 1982లో, యక్షి 1984లో, పక్షి 1985లో. తర్వాత వనశ్రీ 1994లో, అరణ్యాని 1996లో.

ఈ పేర్లు చాలామందిని తప్పుదారి పట్టించాయి. పేరు 'యక్షి' అని ఉంటే, చూసేవాళ్లు వెంటనే పాట్నాలోని దీదార్‌గంజ్ యక్షిని తలుచుకుంటారు. అది 1917లో గంగ ఒడ్డున దొరికిన రాతి విగ్రహం. నిగనిగలాడే మెరుగు, చేతిలో వింజామర, నిండైన ఆడరూపం, నగలు కూడా లెక్కపెట్టొచ్చు. మృణాళిని యక్షిలో ఇవేవీ లేవు. ముఖం లేదు, వింజామర లేదు, ఆభరణం లేదు. ఉన్నది మడతలు, అంచులు, మధ్యలో చీకటి. మనిషంత ఎత్తులో నిలబడి మనల్ని చూస్తున్నట్టు మాత్రం ఉంటుంది. దీదార్‌గంజ్ విగ్రహం ఎవరిదో గుర్తుపట్టడానికి గుర్తులున్నాయి. ఇక్కడ గుర్తులు తీసేసి ఆ సన్నిధిని మాత్రం ఉంచారు.

తన దేవతలు ఏ శాస్త్రంలో చెప్పిన లక్షణాలకూ కట్టుబడరని ఆమె స్పష్టంగానే చెప్పేవారు. చిన్న గర్భగుడిలో అడుగుపెట్టి తలెత్తి చూసినప్పుడు మనిషికి కలిగే విస్మయం గురించి మాట్లాడారు గానీ, పూజ గురించి కాదు. అరణ్యాని ఋగ్వేదం పదో మండలంలో ఒక చిన్న సూక్తం ఉన్న అడవి దేవత. సాయంత్రం అడవిలో ఏవో చప్పుళ్లుగా వినబడుతుంది తప్ప ఎదుట పడదు. పేరు అక్కడి నుంచి తెచ్చుకున్నా, ఆ సూక్తానికి బొమ్మ వెయ్యలేదు.

'హస్తకళ' అన్న మాట దగ్గర గొడవ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మొత్తం మీద మూడు వాదనలు వినిపిస్తాయి.

ఒకటి, ఇది చివరికి ముడుల అల్లికే అన్నది. 1970ల్లో ప్రపంచమంతా మాక్రమే పిచ్చి నడిచింది, పూలకుండీలు వేలాడదీసే ఉట్లు, కిటికీ తెరలు. పద్ధతి అదే అయినప్పుడు పరిమాణం పెరిగినంత మాత్రాన శిల్పం అవుతుందా? ఈ ప్రశ్నను కొట్టిపారెయ్యలేం. పద్ధతి నిజంగానే అదే.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు వాదన. హస్తకళ అనడంలో చిన్నతనం ఏముంది, దేశీయ చేతిపనిని ఆధునిక కళగా నిలబెట్టడమే ఆమె గొప్పతనం అంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఏ దేశీయ చేతిపని? బస్తర్ పోతపని నేర్చుకున్న మీరా ముఖర్జీ విషయంలో ఈ మాట అతుకుతుంది. నారను ఇలా నిలువెత్తు ఆకారాలుగా ముడివేసే సంప్రదాయం ఆమెకు ముందు మన దగ్గర లేదు. ఆమె ఒక సంప్రదాయాన్ని కొనసాగించలేదు, బజారు సరుకుతో తనదైన పద్ధతి కట్టుకున్నారు.

మూడోది ఆమె సొంత వైఖరికి దగ్గరగా ఉంటుంది. తన పనిని సమకాలీన శిల్పంగానే చూడమన్నారు, హస్తకళ అన్న చీటీ అంటించడం ఆమెకు నచ్చేది కాదు. ఇందులో చేతిపనివాళ్లంటే చిన్నచూపు ఉందా అని అడగొచ్చు. అంత చేతిపని చేసిన మనిషికి ఆ చిన్నచూపు ఉందని నేననుకోను. గ్యాలరీలో 'క్రాఫ్ట్' అన్న మాట పడగానే ధర, స్థలం, సమీక్ష మూడూ తగ్గుతాయని ఆమెకు తెలుసు.

నాకు మూడో వాదనే సబబుగా తోస్తుంది, కారణం మాత్రం వేరు. పూలకుండీ ఉట్టిలో ముడి పని కుండను మొయ్యడం. ఉట్టి విప్పేస్తే కుండ మిగులుతుంది. ఈ శిల్పంలో ముడి మోస్తున్నది తన్ను తానే. గుండ్రదనం, బరువు, లోపలి ఖాళీ అన్నీ ముడి నుంచే వస్తున్నాయి. విప్పేస్తే ఇనప చట్రమూ తాడు పోగులూ తప్ప ఇంకేమీ మిగలవు. శిల్పమంటే స్థలాన్ని ఆక్రమించే ఆకారం అనుకుంటే, ఆ పరీక్షలో ఇది రాయితో సమానంగా నెగ్గుతుంది.

ఆడవాళ్ల పని అనొచ్చా?

నార, అల్లిక, పువ్వు, మడతలు, దేవతలు. పశ్చిమ దేశాల విమర్శకులకు ఇవన్నీ చూడగానే స్త్రీవాదం అన్న మాట తడుతుంది. ఆ దేశాల్లో 1970ల్లో స్త్రీవాద కళాకారులు కుట్టుపని, నేతపని కావాలనే ఎంచుకున్నారు. ఇంటి పని అని తోసేసినదాన్ని గ్యాలరీలోకి తెచ్చారు. ఆ చరిత్రలో ఈమెను కూర్చోబెట్టడం తేలిక.

మృణాళిని ఆ చీటీనీ వద్దనుకున్నారు. అలా అనుకున్నంత మాత్రాన మనం ఆ కోణంలో చూడకూడదని కాదు. శిల్పాల్లోని శృంగార ఛాయలు కంటికి కనబడుతూనే ఉంటాయి. మొగ్గలు, నాలుకలు, తెరుచుకున్న పెదవుల్లాంటి అంచులు, ఆడా మగా కలగలిసిన శరీరాలు. ఎవరు చేశారో తెలియకపోయినా చూసేవాళ్లకు ఆ సంగతి అందుతుంది.

నార అంటే ఆడవాళ్ల సామాను అన్న మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం. మన పల్లెల్లో పగ్గాలు, పలుపులు పేనేది, మంచం నులక బిగించేది ఎక్కువగా మగవాళ్లే. ఎడ్లబండి తాడును ఎవరూ ఆడవాళ్ల కళ అనలేదు. యూరప్‌లో సూదికీ దారానికీ ఉన్న ఆడతనాన్ని తెచ్చి ఇక్కడి మోకుకు తగిలిస్తే సరిపోదు.

ఇలాంటిదే ఇంకో పోలిక పోలండ్ శిల్పి మగ్దలేనా అబకనోవిచ్‌తో. 1960ల్లో ఆమె కూడా నారతో, తాళ్లతో పెద్దపెద్ద వేలాడే ఆకారాలు చేశారు. పోలిక కంటికి ఆనుతుంది, కాదనలేం. ఆ తరంలో చాలా దేశాల్లో నేత గోడ దిగి గదిలోకి నడిచింది, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1969లోనే దాని మీద ప్రదర్శన పెట్టింది. అయితే అబకనోవిచ్ నేత దారిలో వచ్చారు, మగ్గం దగ్గర మొదలయ్యారు. మృణాళినికి మగ్గం లేదు, భిత్తిచిత్రాల గోడ ఉంది. చేరిన చోటు ఒకేలా కనబడినా బయల్దేరిన చోట్లు వేరు.

మట్టి, ఆ తర్వాత కంచు

1990ల మధ్యలో ఆమె మట్టి పట్టుకున్నారు, 1996లో నెదర్లాండ్స్‌లోని యూరోపియన్ సెరామిక్ వర్క్ సెంటర్‌లో పనిచేసే అవకాశం వచ్చింది. తామరకొలను అన్న అర్థం వచ్చే పేరుతో, రాత్రి విచ్చే పువ్వు పేరుతో చేసిన పనులు ఈ కాలానివి. నారలో మడత ముడితో వస్తే, ఇక్కడ తడి మట్టి పలకను వంచితే వస్తుంది. నార వదిలెయ్యలేదు, బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న 'జౌబా' 2000 నాటి నార శిల్పమే. జౌబా అంటే బెంగాలీలో మందారం.

2000 తర్వాత కంచు. పద్ధతి పాతదే, మైనంతో ఆకారం చేసి, మట్టి పూసి కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలో లోహం పొయ్యడం. మన శిల్పశాస్త్రాల్లో దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నారు. ఆదిలాబాద్ ఓజవాళ్లు ఇప్పటికీ చేసే డోక్రా బొమ్మలూ ఇదే సూత్రం మీద నడుస్తాయి. ఆ కంచు పనుల్లో తాటి, ఈత జాతి చెట్ల మట్టలు, పీచు, విచ్చుకున్న తొడుగులు కనబడతాయి. చేతి ఒత్తిడి గుర్తులు నునుపు చెయ్యకుండా అలాగే వదిలేశారు.

చాలామంది ఈ మార్పును తెగిపోవడంగా చూస్తారు, మెత్తని నార వదిలి గట్టి లోహానికి వెళ్లిపోయారని. నాకు అలా అనిపించదు. మూడింట్లోనూ మొదట మెత్తగా ఉండే సరుకే. నార, తడి మట్టి, మైనం మూడూ వేళ్లకు లొంగుతాయి. ఉలీ సుత్తీ పట్టాల్సిన రాతి జోలికి ఆమె వెళ్లనే లేదు.

మనకెందుకు తెలియలేదు?

నిజానికి ఆమె అనామకురాలు కాదు. 1986లో సిడ్నీ బియనాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శనలో, ఉన్నారు. 1994లో ఆక్స్‌ఫర్డ్ ఆధునిక కళా మ్యూజియంలో సోలో ప్రదర్శన జరిగింది. ఆ రోజుల్లో అలాంటి అవకాశం వచ్చిన భారతీయ కళాకారులు కొద్దిమందే. తెలియనిది మామూలు జనానికి.

దానికి కారణాల్లో కొన్ని చాలా మామూలువి. పైన వేసుకున్న లెక్క చూస్తే ఏడాదికి ఎన్ని శిల్పాలు పూర్తవుతాయో అర్థమవుతుంది. తక్కువ పనులున్న కళాకారుల పేరు మార్కెట్‌లో తిరగదు. మన దగ్గర కొనేవాళ్లు గోడకు తగిలించే కాన్వాసు అడుగుతారు, డ్రాయింగ్ రూమ్‌లో ఆరడుగుల నార దేవత ఎక్కడ పెడతారు? నారను దాచడమూ కష్టమే. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది, పురుగు పడుతుంది, దుమ్ము ముడుల్లో దూరుతుంది, సొంత బరువుకే ఆకారం జారుతుంది. మ్యూజియాలు బట్టకూ నారకూ 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పెట్టవు. అందుకే ఈ శిల్పాలు ఎప్పుడూ మసక వెలుగులో కనిపిస్తాయి, అది నాటకీయత కోసం చేసిన ఏర్పాటు అనుకుంటాం.

మిగిలిన కారణం పైన చెప్పుకున్న చీటీలు. హస్తకళ జాబితాలో పెట్టడానికి మరీ వింతగా, శిల్పాల జాబితాలో పెట్టడానికి మరీ మెత్తగా ఉన్న పని ఇది. విదేశీ చరిత్రకారులకు అబకనోవిచ్ ముందే ఉంది, దేశీ చరిత్రకారులకు చిత్రకారులే ఎక్కువ ఉన్నారు.

2015 జనవరి చివర్లో ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆమె జీవితకాలపు పనినంతా ఒకచోట పెట్టి పెద్ద ప్రదర్శన మొదలుపెట్టింది. అది తెరిచిన కొద్ది రోజులకే, ఫిబ్రవరి మొదట్లో, ఆమె ఆస్పత్రిలో కన్నుమూశారు. అరవై అయిదేళ్లు. 2019లో న్యూయార్క్ మెట్ బ్రాయర్ మ్యూజియంలో, అమెరికాలో ఆమెకు తొలి రెట్రోస్పెక్టివ్, అంటే జీవితకాలపు పనిని చూపే ప్రదర్శన. 2022 వెనిస్ బియనాలే ప్రధాన ప్రదర్శనలో ఉన్న 213 మంది కళాకారుల్లో అత్యధికులు స్త్రీలే, అక్కడ రుద్ర, దేవి, వనశ్రీ నిలబడ్డాయి. పోయాకే గుర్తింపు వచ్చిందని కొందరు బాధపడతారు. అది సగమే నిజం. ఈ పదేళ్లలో ప్రపంచమంతా నార, నేత, మట్టి పనులను మ్యూజియాలు కొత్తగా చూడటం మొదలుపెట్టాయి. ఆ కెరటం ఆమె కోసం లేచింది కాదు, దాని మీద ఆమె పని కూడా పైకి తేలింది.

లండన్ ప్రదర్శనలో ఆమె శిల్పాలతో పాటు తల్లి లీల, తండ్రి వినోద్ బిహారి, గురువు సుబ్రమణ్యన్ పనులు కూడా ఉన్నాయి. దాని మీదా భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. ఒక స్త్రీని చూపించడానికి చుట్టూ ఇంతమంది కావాలా అని అడిగేవాళ్లు ఒకవైపు, ఒంటరి మేధావి కథల కంటే ఇదే నిజానికి దగ్గర అనేవాళ్లు ఇంకోవైపు. నన్ను ఆకట్టుకున్నది వేరే. మన దేశంలో ఆమెను చాలాకాలం వినోద్ బిహారి కూతురని పరిచయం చేశారు, లీల గారినైతే ఆయన భార్య అని. లండన్‌లో టికెట్ కొని వచ్చిన మామూలు జనానికి వినోద్ బిహారి అంటే మృణాళిని వాళ్ల నాన్న.